భోజనం చేశాక పదిహేను నిమిషాలు: షుగర్ రాకుండా వైజాగ్‌లో నడక ఎలా మొదలుపెట్టాలి

రిపోర్టులో ఫాస్టింగ్ షుగర్ 108 అని చూసి, "బోర్డర్‌లో ఉంది, పర్లేదులే" అనుకుని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేసిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో అలాంటి మనిషి ఒకరుండి, వాళ్లని సోఫాలోంచి ఎలా లేపాలో తెలియక తల పట్టుకున్న వాళ్ల కోసం కూడా. ఈ రెండో రకం వాళ్లకి కింద కొంచెం ఎక్కువే చెప్తాను, అసలు కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి.

నడక అనగానే మన ఊళ్లో అందరికీ బీచ్ రోడ్డే గుర్తొస్తుంది. "రేపట్నుంచి అయిదింటికి లేచి ఆర్‌కే బీచ్‌కి వెళ్తా" అంటారు. కూర్మన్నపాలెంలోనో పెందుర్తిలోనో ఉండే మనిషి చీకట్లో లేచి, బండి తీసి, అంత దూరం వచ్చి, నడిచి, తిరిగి వెళ్లి, స్నానం చేసి తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాలంటే ఎన్నాళ్లు సాగుతుందండీ? ఒకరోజు వాన, ఇంకోరోజు చుట్టాలింట్లో పెళ్లి, అంతే, ఆ తర్వాత అలారం కూడా ఆపేస్తారు. అందుకని బీచ్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. షుగర్ రాకుండా చూసుకోవడానికి మీరు మొదలుపెట్టాల్సింది పొద్దున్న నడక కాదు, రాత్రి అన్నం తిన్నాక మీ వీధిలోనే నడిచే నడక. అది అలవాటయ్యాక సముద్రం ఎక్కడికీ పోదు, అప్పుడు వెళ్లొచ్చు.

ముందు టేపు తీయండి, తర్వాత రక్తం ఇవ్వండి

మీరు ఎక్కడున్నారో తెలియకుండా నడక మొదలుపెడితే దాన్ని మధ్యలో వదిలేయడం చాలా తేలిక. ఇంట్లో కుట్టు టేపు ఉంటుంది కదా, దాన్ని బొడ్డు దగ్గర చుట్టూ వేసి, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. ప్యాంటు సైజు చెప్పకండి, ప్యాంటు పొట్ట కింద కట్టుకునే వాళ్లే మనలో ఎక్కువ.

మన దేశంలో వాళ్ల కోసమే చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు తయారుచేసిన ఒక చిన్న లెక్క ఉంది, దానికి రక్తం కూడా అక్కర్లేదు. నాలుగే విషయాలు చూస్తారు: వయసు, నడుం కొలత, శరీర శ్రమ, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందా లేదా. మొత్తం నూరు మార్కులు, 60 లేదా అంతకు మించి వస్తే ముప్పు ఎక్కువున్నట్టు. ఉదాహరణకి 42 ఏళ్ల మనిషి, రోజంతా కుర్చీ ఉద్యోగం, వ్యాయామం లేదు, నడుం 94, వాళ్ల నాన్నగారికి షుగర్ ఉంది అనుకోండి. వయసుకి 20, నడుంకి 10, కూర్చుని ఉండడానికి 30, నాన్నగారి ఖాతాలో 10, మొత్తం 70. ఈ పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకున్నవాడే మేలు. ఈ నాలుగింట్లో వయసునీ, నాన్ననీ మార్చలేం. మిగిలిన రెండూ మీ చేతిలో, కాదు, మీ కాళ్లలో ఉన్నాయి.

తర్వాత రక్త పరీక్ష. పరగడుపున చూసేది 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 దాకా ప్రీ డయాబెటిస్, అంటే జనం బోర్డర్ అంటారే అది, 126 నుంచి షుగర్ వ్యాధి. దాన్ని ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు. మూడు నెలల యావరేజి అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 బోర్డర్, 6.5 నుంచి షుగర్. రక్తం తక్కువగా ఉన్నవాళ్లకి ఈ యావరేజి లెక్క అటూ ఇటూ అవుతుంది, అందుకని ఆడవాళ్లు రెండూ చేయించుకుంటే మంచిది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ కనిపించి, కాన్పయ్యాక పోయినవాళ్లు ఉంటారు, "అది అప్పుడెప్పుడో, పోయింది కదా" అని మర్చిపోతారు. మర్చిపోకండి, తర్వాతి జీవితంలో షుగర్ వచ్చే ముప్పు వాళ్లకి మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. వాళ్లు ఏటా చూపించుకోవాలి.

బోర్డర్ అంటే పర్లేదు అని కాదు అర్థం. 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల 10 లక్షలు, బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలు. ఆ బోర్డర్ వాళ్లని ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చూసింది. 2006లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 531 మంది ఉన్నారు. మూడేళ్లలో, మామూలు సలహా మాత్రమే ఇచ్చి వదిలేసిన వాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. రోజూ అరగంట చురుగ్గా నడిచి, తిండి మార్చుకున్న వాళ్లలో అది 39 శాతం. నడిచినా కొందరికి వచ్చింది, నిజమే, ఎవరికీ గ్యారంటీ లేదు. కానీ నూరు మందిలో పదహారు మందిని తప్పించడం చిన్న విషయమా? అందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. నడిచినవాళ్లకి బరువు పెద్దగా తగ్గలేదు, అయినా ఫలితం కనిపించింది. "నెలరోజులు నడిచాను, కిలో కూడా తగ్గలేదు" అని మానేసే వాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటి వారం: రాత్రి భోజనం తర్వాత మాత్రమే

చేయాల్సింది ఇంతే. రాత్రి తిన్నాక చెయ్యి కడుక్కుని, పదిహేను ఇరవై నిమిషాల్లో చెప్పులేసుకుని బయటికి వెళ్లండి. పదిహేను నిమిషాలు నడవండి. వీధి చివరిదాకా వెళ్లి రండి, అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్ చుట్టూ తిరగండి, మేడ ఉంటే మేడ మీద. మొదటి వారం వేగం గురించి ఆలోచించొద్దు, పొద్దున్న లేవొద్దు, షూస్ కొనొద్దు. ట్రాక్ ప్యాంటు కూడా అక్కర్లేదు.

తిన్నాకే ఎందుకంటే, అన్నం తిన్న గంట, గంటన్నరలో రక్తంలో చక్కెర పైకి లేస్తుంది. దాన్ని లోపలికి తీసుకోవాల్సింది ముఖ్యంగా మన కండలు. బోర్డర్‌లో ఉన్నవాళ్లలో, చక్కెరని కండలోకి పంపే ఇన్సులిన్ అనే హార్మోను వచ్చి ఎంత తట్టినా కండ వీధి తలుపు సరిగ్గా తీయదు. కానీ కండ కదులుతున్నప్పుడు ఇన్సులిన్‌తో పనిలేకుండానే పెరటి తలుపు తెరుచుకుని చక్కెర లోపలికి వెళ్లిపోతుంది. కాళ్లవీ పిరుదులవీ మన ఒంట్లో పెద్ద కండలు, నడిస్తే పనిచేసేవి అవే. అంటే చక్కెర రక్తంలోకి వస్తున్న సమయానికే మీరు దాన్ని ఖర్చు పెట్టేవాళ్లని పనిలోకి దింపుతున్నారన్నమాట. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో అరవై దాటి, బోర్డర్‌లో ఉన్నవాళ్ల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు, పదిమందే అనుకోండి. మూడు పూటలా తిన్నాక పదిహేనేసి నిమిషాలు నడిపించి, ఒకేసారి నలభై అయిదు నిమిషాలు నడిచిన రోజులతో పోల్చారు. రాత్రి భోజనం తర్వాత చక్కెర పెరగకుండా ఆపడంలో ఈ చిన్న నడకే మెరుగ్గా పనిచేసింది.

మన తిండికి ఇది ఇంకా బాగా అతుకుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి కంచం నిండా అన్నం, పైన ఆవకాయ, చివర్లో పెరుగన్నం, ఆ వెంటనే ఫోన్ పట్టుకుని పడక. మనలో చాలామందికి రోజులో అతి పెద్ద భోజనం అతి తక్కువ కదలిక ఉన్న వేళకి పడుతుంది. వీలైతే భోజనాన్ని ఎనిమిదికి జరపండి. వీలుకాకపోతే ఆ భోజనం తర్వాతి పదిహేను నిమిషాలన్నా వదలకండి.

రెండో వారం నుంచి

మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకో పదినిమిషాలు కలపండి. ఆఫీసులో ఉంటే కారిడార్‌లోనో, మెట్ల దగ్గరో. రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు మధ్యాహ్నం తిన్నాక టీ బండి దాకా వెళ్తారు, మంచిదే, కాకపోతే అక్కడ నిలబడి రెండు చెంచాల చక్కెర ఉన్న టీ తాగి వస్తారు. టీ చక్కెర లేకుండా తాగండి, నడక మాత్రం ఉంచుకోండి.

మూడో వారంలో వేగం పెంచండి. చురుకైన నడక అంటే ఏమిటో కొలవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాట పాడుకోగలిగితే మీరు షికారు చేస్తున్నట్టు. మాట కూడా తెగిపోతుంటే ఎక్కువైనట్టు. లెక్క కావాలనుకునే వాళ్లకి నిమిషానికి సుమారు వంద అడుగులు.

ఇలా పెంచుకుంటూ వారానికి 150 నిమిషాలకి చేరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పింది 150 నుంచి 300 నిమిషాలు, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండలకి పని. కండలకి పని అంటే జిమ్ అనుకుని భయపడకండి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, గోడకి చేతులు పెట్టి తోయండి, మొదట్లో అది చాలు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో వారానికి 150 నిమిషాల శ్రమతోపాటు తిండి తగ్గించి, ఒంటి బరువులో ఏడు శాతం దాకా దించుకోవాలని పెట్టుకున్న వాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వాళ్లలో తగ్గింది 31 శాతం.

పదివేల అడుగుల గురించి అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఆ అంకె ఏ డాక్టరూ కనిపెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు అది. పదివేలు వేస్తే మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ నాలుగువేలే అయ్యాయని రాత్రి పదకొండింటికి హాల్లో గుండ్రంగా తిరగడం, అది కుదరకపోతే మర్నాడు మొత్తం మానేయడం, ఈ టెన్షన్ మాత్రం వద్దు. ఇప్పుడు వేస్తున్న వాటికి ఒక వెయ్యి కలపండి, అది నిలబడ్డాక ఇంకో వెయ్యి.

ఒక విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి: వరసగా రెండు రోజులు మానకండి. నడక వల్ల ఇన్సులిన్ మాట కండలు వినే గుణం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏడాదంతా కూర్చుని, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి, "ముప్పై రెండు కిలోమీటర్లు నడిచాను, చాలదా" అంటే చాలదు. పుణ్యం సంగతి అప్పన్న చూసుకుంటాడు, షుగర్ సంగతి మాత్రం వచ్చే వారం మళ్లీ నడిస్తేనే.

ఎక్కడ నడవాలి

ఇది మీ పేట మీద ఆధారపడుతుంది. బీచ్‌కి దగ్గర్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్ మీదుగా సాగే రోడ్డులో తెల్లవారుజామున కొంతసేపు వాహనాలు ఆపేస్తారు, ఆ సమయంలో రోడ్డు మీద నడవడం అంత హాయి ఇంకోటి లేదు. కాకపోతే అక్కడ కనిపించే ఒక జాతి గురించి చెప్పాలి: కారులో వచ్చి, వంద గజాలు నడిచి, గోడ మీద కూర్చుని గంటసేపు రాజకీయాలు మాట్లాడి, ఇడ్లీ తిని ఇంటికెళ్లేవాళ్లు. వాళ్లు కూడా "రోజూ వాకింగ్‌కి వెళ్తాం" అనే చెప్తారు. ఇసుకలో నడిస్తే శ్రమ ఎక్కువ, మంచిదే, కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెత్తటి ఇసుక వదిలేసి రోడ్డు మీదే నడవండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, ఆర్‌కే బీచ్ అలలు ఎంత మోసమో మనకి తెలుసు.

సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వైపు వాళ్లకి శివాజీ పార్క్ ఉంది, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల వాళ్లకి సెంట్రల్ పార్క్, అటు వుడా పార్క్. ఎంవీపీ వాళ్లు రైతు బజార్‌కి బండి తీయకుండా సంచి పట్టుకుని నడిచి వెళ్తే కూరలూ వస్తాయి, నడకా అవుతుంది, తిరిగొచ్చేటప్పుడు బరువు మోయడం కూడా లెక్కలోకే వస్తుంది. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో ఉన్నవాళ్లకి చెట్ల నీడ ఉన్న రోడ్లున్నాయి, వాళ్లకి ఏ సాకూ లేదు. చిక్కల్లా గాజువాక, మల్కాపురం లాంటి చోట్ల, లారీలూ దుమ్మూ, ఫుట్‌పాత్ మీద దుకాణాలూ. మీరు మెయిన్ రోడ్డు వదిలేసి లోపలి వీధుల్లో నడవండి, అదీ కుదరకపోతే మేడ మీద. మేడ మీద నడక నామోషీ ఏమీ కాదు, కుక్కల బెడద కూడా ఉండదు. వీధి కుక్కలంటే భయమున్న వాళ్లు చేతిలో ఒక కర్ర ఉంచుకోండి, కొట్టడానికి కాదు, ధైర్యానికి, వాటిని చూసి పరుగెత్తకండి.

ఇంకో మేలు కూడా ఉంది ఈ ఊరికి. విజయవాడలాగా చదునుగా ఉండదు. ఏ వీధి చూసినా ఒక ఎత్తు, ఒక పల్లం. మీ నడకలో ఒక చిన్న ఎత్తు కలిసేలా దారి ఎంచుకుంటే అదే వేగంలో గుండెకి ఎక్కువ పని పడుతుంది. కైలాసగిరి ఎక్కడం, సింహాచలం మెట్లు, ఇవన్నీ మూడు నాలుగు నెలల తర్వాత పెట్టుకోండి, మొదటి వారమే వద్దు.

ఉక్కపోత, వాన, చెప్పులు

మార్చి నుంచి మన ఉక్క సంగతి తెలిసిందే. ఎండ కంటే గాల్లో తేమే మనిషిని పీల్చేస్తుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ రోజుల్లో పొద్దున్న ఆరు లోపు లేదా చీకటి పడ్డాక నడవండి, బయల్దేరే ముందు గ్లాసు నీళ్లు తాగండి, వేగం తగ్గించండి. తల తిరిగినా, వాంతి వస్తున్నట్టున్నా, ఆగి నీడకి చేరండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో ఇంట్లోనే నడవండి, హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకి, ఫోన్‌లో మాట్లాడుతూ. ఫోన్ వస్తే లేచి నిలబడడం అనేది ఒక్కటి అలవాటు చేసుకుంటే వానాకాలం గడిచిపోతుంది.

చెప్పుల మీద డబ్బు పొదుపు చేయొద్దు, అలాగని ఖరీదైన బ్రాండ్ కూడా అక్కర్లేదు. మడమ కదలకుండా పట్టుకోవాలి, వేళ్ల దగ్గర చోటుండాలి, అడుగు మరీ పల్చగా ఉండకూడదు. కొనేది సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా ఇసుకలో, గడ్డి మీద నడవకండి. స్పర్శ తగ్గిన కాలికి గాజుముక్క గుచ్చుకున్నా తెలియదు.

నడిచొచ్చి టిఫిన్ బండి దగ్గర ఆగేవాళ్లకి

అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు నూరు, నూట ఇరవై కేలరీలు. నూనెలో వేగిన ఒక్క పూరీ దాదాపు నూరు. ఇంక లెక్క మీరే వేసుకోండి. పునుగులు, బజ్జీలు, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్, వీటిని జన్మలో ముట్టుకోవద్దని నేననను, అలా చెప్పినవాళ్ల మాట ఎవరూ వినరు. నడకకి బహుమతిగా మాత్రం తినకండి, అంతే. మురీ మిక్చర్ తినాలనిపిస్తే ఆదివారం పిల్లలతో వెళ్లి, ఒక పొట్లం పంచుకుని, తిన్నాక నడవండి. పొద్దున్నకి చోడి (రాగి) అంబలి మంచిదని పోటీలు పడి తాగుతున్నారు, చక్కెర, బెల్లం కలపకపోతే, గిన్నెడు కాకుండా గ్లాసుతో సరిపెట్టుకుంటే మంచిదే. చోడి కూడా పిండి పదార్థమే కదా.

కూర్చునే ఉద్యోగాలు, షిఫ్టులు

పొద్దున్న గంట నడిచి, తర్వాత పదిగంటలు కుర్చీలో కదలకుండా ఉంటే ఆ గంట మేలు కొంత తగ్గిపోవచ్చు. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరగండి. నీళ్ల సీసా బల్ల మీద కాకుండా దూరంగా పెట్టుకోండి, చాలు. పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, ఫార్మా షిఫ్టుల్లో ఉన్నవాళ్లకి "రోజూ ఇదే టైముకి" అనే నియమం పనికిరాదు. మీరు గడియారాన్ని వదిలేసి భోజనాన్ని పట్టుకోండి. ఏ షిఫ్టులో తిన్నా, తిన్నాక పది నిమిషాలు. నైట్ డ్యూటీలో అర్ధరాత్రి తినే పూర్తి భోజనాన్ని కొంచెం తగ్గించి, మిగతాది డ్యూటీకి వెళ్లే ముందే తినేస్తే ఇంకా మేలు.

ఇంట్లోవాళ్లని నడిపించడం

భయపెడితే ఎవరూ నడవరు. "నీకు షుగరొస్తుంది, కాళ్లు తీసేస్తారు" అంటే, మీ నాన్నగారు "నాకేటవుతాదిరా" అని పేపరు అడ్డం పెట్టుకుంటారు. సలహా మానేసి తోడు అడగండి. "నాన్నా, మందుల షాపు దాకా వెళ్తున్నా, వస్తావా?" అంటే వస్తారు. దారిలో రెండు మాటలు మాట్లాడతారు, ఆ మాటల కోసం మర్నాడు ఆయనే అడుగుతారు. రిటైరైన వాళ్లకి పని అప్పజెప్పండి, పాల ప్యాకెట్, మనవడిని బస్సెక్కించడం, పూర్ణా మార్కెట్‌లో ఫలానా కొట్లోనే దొరికే ఫలానా పొడి. పని ఉన్న నడక మగవాళ్లకి గౌరవంగా ఉంటుంది, ఊరికే నడవడం కొందరికి సిగ్గు.

అమ్మ సంగతి వేరు. "రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను కదా, ఇంకా నడవడం ఏమిటి" అంటుంది. ఆవిడ మాటలో నిజం ఉంది, ఇంటిపనీ శ్రమే. కానీ రెండడుగులు వేసి ఆగడం, నిలబడి వండడం, కూర్చుని తరగడం, వీటిలో ఊపిరి వేగం పెరగదు. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి అందరూ తిన్నాక ఆవిడ ఆఖర్న తిని గిన్నెలు సర్దుతూ ఉంటుంది. నడవాల్సిన పదిహేను నిమిషాలు సరిగ్గా అవే. "అమ్మా నడువు" అని సోఫాలోంచి చెప్పడం కాదు, ఆ గిన్నెలు మీరు కడగండి. ఇది చదివి ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పని చేస్తే నాకు చాలు. సీరియల్ పోతుందంటే ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి హాల్లో తిరగమనండి, అర్ధగంట సీరియల్‌లో ప్రకటనల సమయం ఎంతో మనకి తెలిసిందే. రాత్రిపూట ఒంటరిగా బయటికెళ్లడానికి జంకే ఆడవాళ్లు పక్క ఫ్లాటు ఆవిడని కలుపుకోండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టే బదులు "ఎనిమిదిన్నరకి గేటు దగ్గర" అని ఒక మాట పెట్టండి. నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇద్దరు మొదలుపెడితే చాలు, మిగిలినవాళ్లు కబుర్ల కోసం దిగుతారు.

అడుగుల పోటీలు మాత్రం జాగ్రత్తగా పెట్టండి. కుర్రాళ్లకి హుషారు, మోకాళ్లు అరిగిన అత్తయ్యకి అవమానం. ఆవిడకి "ఈ వారం ఎన్ని రోజులు దిగారు" అన్న లెక్క పెట్టండి, "ఎన్ని అడుగులు" అని కాదు.

ఎవరు ముందు డాక్టర్‌ని అడగాలి

నడుస్తుంటే గుండెలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, మామూలుకి మించిన ఆయాసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కాలిమీద మానని పుండు ఉన్నవాళ్లు డాక్టర్‌కి చూపించుకున్నాకే వేగం పెంచండి. కొంచెం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గిపోతుంటే కాళ్లకి రక్తం సరిగ్గా అందడం లేదేమో చూపించుకోవాలి, వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. ఇప్పటికే ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నవాళ్లకి నడకలో షుగర్ బాగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, కళ్లు బైర్లు కమ్మడం కనిపిస్తే వెంటనే ఆగి గ్లూకోజ్ పొడి గానీ మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ తీసుకోండి. అందుకే అలాంటివాళ్లు జేబులో ఒక పొట్లం ఉంచుకోవాలి, పేరూ ఫోన్ నంబరూ రాసిన చీటీ కూడా.

మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి

హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల లెక్క చెప్తుంది, కాబట్టి నడక మొదలుపెట్టిన పదిహేను రోజులకే పరీక్షకి పరుగెత్తి నిరాశపడకండి. మూడు నెలలు ఆగి, మొదట చేయించిన ల్యాబ్‌లోనే మళ్లీ చేయించండి, వేరే చోట చేయిస్తే చిన్న చిన్న తేడాలు వస్తుంటాయి. మీ దగ్గర్లోని అర్బన్ హెల్త్ సెంటర్‌లో కూడా షుగర్ చూస్తారు. టేపుతో నడుం మాత్రం నెలకోసారి కొలిచి క్యాలెండర్ మీద రాయండి, త్రాసు కదలకపోయినా టేపు కదిలే అవకాశం ఉంది. అంకె తగ్గితే నడక అలాగే ఉంచి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. తగ్గకపోయినా, పెరిగినా ఆ కాగితం ఈసారి బీరువాలో పెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మాత్ర రాస్తే వేసుకోండి, నడక మాత్రం ఆపకండి.